పియానో ఇనుప ప్లేటుకి కొత్త పూత వేసి, అక్షరాలు దిద్దే పద్ధతి

పియానో మూత ఎత్తగానే తీగల కింద బంగారు రంగులో కనిపించే పోత ఇనుప చట్రమే ప్లేటు. తీగలు మార్చే పని పెట్టుకున్న ప్రతివారూ అడిగేది ఒకటే: “ఎలాగూ తీగలన్నీ తీస్తున్నాం కదా, ప్లేటుకి ఒక గోల్డ్ స్ప్రే డబ్బా కొట్టేస్తే సరిపోదా?”

సరిపోదు. డబ్బా పెయింటు మొదటి వారం బాగానే మెరుస్తుంది. ఫెల్టు (తీగల కింద పరిచే మందపాటి ఉన్నిబట్ట) అతికించే జిగురు తగలగానే కరుగుతుంది, ట్యూనింగ్ పిన్నులు (తీగలు బిగించే మేకులు) కొట్టేటప్పుడు పెచ్చులుగా లేస్తుంది. ప్లేటు మీది కంపెనీ పేరు అక్షరాలు దిద్దుతూ తప్పు తుడవబోతే, తప్పుతో పాటు గోల్డ్ కూడా గుడ్డకి వచ్చేస్తుంది.

ఈ పనిలో కీలకం రంగు కాదు, పొరల వరుస. పై పొరలో పొరపాటు జరిగితే కింది పొరకి ఏమీ కాకుండా తుడిచెయ్యగలగాలి. ఏ పూత దేనికి కరుగుతుందో తెలిసి వరుస పెట్టుకుంటే అక్షరాల పని భయం లేకుండా సాగుతుంది. కింద చెప్పే ప్రతి దశా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ఇక్కడ దృష్టిలో పెట్టుకున్నది 1890–1930 మధ్య తయారైన ఆరడుగుల గ్రాండ్ పియానో (తీగలు అడ్డంగా పరిచి ఉండేది). దాని ప్లేటు మీద కంపెనీ పేరు పోతలోనే ఉబ్బెత్తు అక్షరాలుగా వచ్చి ఉంటుంది. అప్‌రైట్‌కి (తీగలు నిలువుగా ఉండే పియానోకి) ఉన్న తేడాలు చివర్లో ఉన్నాయి.

1. ముందు తేల్చుకోవాల్సిన మూడు విషయాలు

తీగలు ఉండగా రంగు వెయ్యవద్దు. స్ప్రే తుంపర ఎంత సన్నదైనా తీగల మీద పడుతుంది. బాస్ తీగల రాగి చుట్టల సందుల్లోకి దిగితే వాటి నాదం మొద్దుబారిపోతుంది, మళ్ళీ తిరిగి రాదు. తీగలు మార్చే ఆలోచన లేకపోతే మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, వాక్యూమ్ పెట్టి వదిలెయ్యడమే మేలు.

రెండోది, ప్లేటు విప్పి బయటికి తియ్యాలా, పెట్టెలోనే ఉంచి వెయ్యాలా? మా సలహా బయటికి తియ్యమనే. లోపలే ఉంచితే సౌండ్‌బోర్డుని (ప్లేటు కింద ఉండి నాదాన్ని పెంచే చెక్క పలకని) ఎంత కప్పినా కడ్డీల అంచుల కింద పాత రంగు అలాగే ఉండిపోతుంది. సౌండ్‌బోర్డు పగుళ్ళు సరిచెయ్యాలన్నా ప్లేటు ఎలాగూ లేవాలి.

మూడోది, ప్లేటు పగిలి ఉందా? పూర్తిగా శ్రుతి చేసిన పియానోలో సుమారు 230 తీగలు కలిసి 18–20 టన్నుల లాగుడు పెడతాయి. అది మోసేది ఈ ఇనుమే. పోత ఇనుము వంగదు, ఒక్కసారే విరుగుతుంది. కడ్డీలు ప్లేటుతో కలిసే మూలలు, ట్యూనింగ్ పిన్నుల వరుసల మధ్య, హిచ్ పిన్నుల (తీగల రెండో కొస తగిలించే మేకుల) వెంబడి టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. అనుమానం వస్తే వెల్డింగ్ సామాన్ల దుకాణాల్లో దొరికే ఎర్ర డై, తెల్ల డెవలపర్ స్ప్రేలతో పరీక్షించండి. తెల్లదనంలోంచి సన్నటి ఎర్ర గీత పైకి వస్తే అది పగులే. ఆ ప్లేటుకి కావాల్సింది పోత ఇనుము అతకడంలో చెయ్యి తిరిగిన నిపుణుడు. లప్పం పెట్టి రంగు వేసి మూసేస్తే, శ్రుతి ఎక్కించే రోజు మనుషులకే ప్రమాదం.

2. సామాన్లు

ఆరడుగుల గ్రాండ్ ప్లేటుకి పై ముఖం, అంచులు కలిపి సరిపోయే అంచనా ఇది:

- రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్: కలిపాక 1 లీటరు
- పాలియెస్టర్ లప్పం: అర కిలో
- గోల్డ్ బ్రాంజ్ పౌడర్: 150 గ్రాములు
- క్లియర్ (రంగులేని) ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్: 3 లీటర్లు, దాని థిన్నర్ 5 లీటర్లు
- రిటార్డర్ థిన్నర్ (నెమ్మదిగా ఆరేది): అర లీటరు
- నల్ల సింథటిక్ ఎనామెల్: 100 మి.లీ. చాలు
- మినరల్ టర్పెంటైన్: 1 లీటరు
- వాటర్ పేపర్: 220, 320, 400, 600 నంబర్లు
- స్ప్రే గన్: ప్రైమర్‌కి 1.7 మి.మీ. నాజిల్, మిగతా వాటికి 1.4 మి.మీ.
- అక్షరాలకి 0, 1, 2 నంబర్ల మెత్తటి జుట్టు బ్రష్షులు, అచ్చుపని వాళ్ళు వాడే రెండంగుళాల గట్టి రబ్బరు రోలర్, గాజు పలక
- ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, నైట్రైల్ గ్లవ్స్, కళ్ళద్దాలు

ప్రైమర్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. హార్డ్‌వేర్ షాపులో గేట్లకి అమ్మే ఎర్ర రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఇక్కడ పనికిరాదు. అది నూనె జాతి పూత. దాని మీద ఎన్‌సీ లాకర్ పడితే థిన్నర్ దెబ్బకి ముడతలు పడి లేచిపోతుంది. ఎపాక్సీ ఒకసారి గట్టిపడితే ఎన్‌సీ థిన్నర్‌కి చలించదు.

రెండు భాగాల పీయూ (పాలియురెథేన్) క్లియర్ గట్టిగా ఉంటుందన్నది నిజమే. కానీ దాని హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్ ఊపిరితిత్తులకి హాని. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా ఇంట్లో దాన్ని స్ప్రే చెయ్యవద్దు. ప్లేటుని చేత్తో రుద్దేవారు ఎవరూ ఉండరు, ఎన్‌సీ గట్టితనం చాలు.

3. కొలతలు రాసుకుని విప్పడం

ప్లేటు తిరిగి కూర్చునేటప్పుడు అర మిల్లీమీటరు అటూఇటూ అయినా బ్రిడ్జి (తీగల కంపనాన్ని సౌండ్‌బోర్డుకి అందించే చెక్క దిమ్మె) మీద తీగల ఒత్తిడి మారిపోతుంది. అందుకే పానా పట్టుకునే ముందు పెన్ను పట్టుకోవాలి.

- ప్లేటు మొత్తం, ప్రతి అక్షరాల భాగం, సీరియల్ నంబరు: పక్కన స్కేలు పెట్టి ఫొటోలు
- ప్లేటు అంచుకీ పెట్టె లోపలి గోడకీ మధ్య ఖాళీ, కనీసం నాలుగు చోట్ల
- సౌండ్‌బోర్డు నుంచి ప్లేటు ఎత్తు, ఆరేడు చోట్ల
- ప్రతి విభాగంలో బ్రిడ్జి మీద తీగ ఒత్తిడి
- ప్రతి స్వరానికి తీగ మందం, మైక్రోమీటరుతో
- వెనక డూప్లెక్స్ ముక్కలు (తీగ వెనక భాగం ఆనే లోహపు ముక్కలు) ఉంటే వాటి చోట్లు, వరుస

సీరియల్ నంబరు చాలా పియానోల్లో పోతలో ఉండదు, ప్లేటు మీద రంగుతో వేసి ఉంటుంది. పాత పూతతో పాటు అది కూడా పోతుంది. దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి అంకెల ఆకారం యథాతథంగా గీసుకోండి. పియానో వయసు చెప్పేది అదే.

యాక్షన్ (సుత్తులని ఆడించే యంత్రాంగం), డాంపర్లు (తీగల మోత ఆపే మెత్తలు) బయటికి తీశాక తీగలు వదులు చెయ్యాలి. ఒక పక్క తీగలన్నీ ఒకేసారి వదిలితే ప్లేటు మీద బరువు ఒకవైపే పడుతుంది. స్వరానికి ఒక్కో తీగ చొప్పున ఈ చివర నుంచి ఆ చివరి దాకా పిన్నుని అర చుట్టు తిప్పండి. తర్వాత రెండో తీగ, ఆపైన మూడోది. అలా రెండు మూడు దఫాలు వెళితే లాగుడు సమంగా దిగుతుంది. బిగువు ఉన్న తీగని ఎప్పుడూ కత్తిరించవద్దు.

పిన్నులు తియ్యడానికి డ్రిల్లు వాడితే వేగం బాగా తగ్గించండి. వేగంగా తిప్పితే పిన్ను వేడెక్కి పిన్ బ్లాక్ (పిన్నులు దిగే చెక్క దిమ్మ) రంధ్రం లోపల చెక్క మాడుతుంది.

యాగ్రాఫ్‌లు (తీగలు దూరే రంధ్రాలున్న, మరతో ప్లేటుకి బిగించే ఇత్తడి ముక్కలు) విప్పేటప్పుడు ఒక పలకకి వరుసగా రంధ్రాలు చేసి ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి. కింద సన్నటి వాషర్లు ఉంటే వాటితో సహా. ప్లేటు స్క్రూలకి కూడా ఇదే పద్ధతి: అట్ట మీద ప్లేటు ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడ ఉందో అక్కడే గుచ్చాలి. చూడటానికి ఒకేలా ఉన్నా పొడవుల్లో తేడా ఉంటుంది. నోస్ బోల్టులకి (కింద నుంచి వచ్చి ప్లేటుని మోసే బోల్టులకి) పైన నట్టు మాత్రమే తియ్యండి. బోల్టు తిరిగితే ప్లేటు ఎత్తు లెక్క తప్పుతుంది.

4. ఎత్తడం

గ్రాండ్ ప్లేటు వంద కిలోలు దాటుతుంది, కచేరీ గ్రాండ్‌ది 150 కిలోల దాకా ఉంటుంది. నలుగురు చేతులతో ఎత్తడం ప్రమాదం, ఒకరి పట్టు జారితే వేళ్ళు పోతాయి, ప్లేటూ పోతుంది. గ్యారేజీల్లో ఇంజన్లు దింపే క్రేను గానీ, అర టన్ను చైన్ బ్లాక్ గానీ అద్దెకి తెచ్చుకోండి. చైన్ బ్లాక్‌ని ఫ్యాను కొక్కానికి తగిలించవద్దు.

వెడల్పు బెల్టులు మూడు చోట్ల కడ్డీల కింద వేసి, ముందు రెండంగుళాలు మాత్రమే ఎత్తి ఆగండి. వాలు లేదని, ఎక్కడా పట్టలేదని చూసుకున్నాకే పైకి. ఎక్కడైనా పట్టేస్తే ఇంకో స్క్రూ మిగిలిపోయిందన్నమాట; గుంజవద్దు.

దించేటప్పుడు సమమట్టంగా ఉన్న బల్లల మీద, నాలుగైదు చోట్ల మందపాటి చెక్కలు పెట్టి పడుకోబెట్టాలి. గోడకి ఆనించి నిలబెట్టడం వద్దు.

5. శుభ్రం, పాత పూత

పాత ఫెల్టు పీకి, జిగురుని గోరువెచ్చని తడిగుడ్డతో నానబెట్టి గీకండి. ఫెల్టు కింద వెలుతురు సోకని పట్టీ కనిపిస్తుంది. ఆ పియానో అసలు బంగారు రంగు అదే. మిగతా ప్లేటు మీద ముదిరిన వార్నిష్ వల్ల పాత గోల్డ్ ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో కనిపిస్తుంది, దాన్ని చూసి రంగు ఎంచుకుంటే మోసపోతారు. పట్టీని ఎండలో ఫొటో తీసి, రంగు కలిపేదాకా దాచండి.

తర్వాత మొత్తం టర్పెంటైన్‌తో, ఆపైన థిన్నర్‌తో తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. నూనె మరక మీద ఏ ప్రైమరూ నిలవదు.

పాత పూత గట్టిగా పట్టుకుని ఉందా? బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీతలు పెట్టి, టేపు అతికించి పీకి చూడండి. పెచ్చు రాకపోతే తొలగించనక్కర్లేదు, 320 వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది దాని మీదే ఎపాక్సీ వెయ్యొచ్చు. పెచ్చులు వస్తే మాత్రం పెయింట్ రిమూవర్‌తో ఇనుము దాకా తీసెయ్యడమే. పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనక పొడిగా రుద్దవద్దు, ఎప్పుడూ తడిపే రుద్దండి.

బయటపడ్డ ఇనుముని చేత్తో ముట్టుకోవద్దు. చెమట తగిలిన చోట మర్నాటికి వేలిముద్ర తుప్పుగా తేలుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్ళలో నీటి తడి తగిలితే గంటల్లోనే లేత తుప్పు వస్తుంది. చివరి తుడుపు థిన్నర్‌తో చేసి, అదే రోజు ప్రైమర్ పడేలా చూసుకోండి.

6. లప్పం, ప్రైమర్

వరుస: ఎపాక్సీ ఒక కోటు, దాని మీద లప్పం, రుద్దాక మళ్ళీ ఎపాక్సీ. ఇనుము మీద నేరుగా లప్పం పెడితే తేమకి ఉబ్బుతుంది.

పోతలో వచ్చిన గుంటలన్నీ పూడ్చాలని లేదు. కంటికి అడ్డొచ్చేవి చాలు. ఉబ్బెత్తు అక్షరాల చుట్టూ మాత్రం లప్పం పెట్టకండి, అక్షరం మొదలు పూడిపోతే అంచు పోతుంది. అక్కడ పేరుకున్న పాత రంగుని వెదురు పుల్ల మొన చెక్కి, ఇత్తడి బ్రష్షు పెట్టి తియ్యండి.

అక్షరాల తలలన్నీ ఒకే మట్టంలో ఉండేలా సరిచేసే సమయం కూడా ఇదే. చదునైన చెక్కముక్కకి 320 పేపర్ చుట్టి, అక్షరాల మీద తేలిగ్గా నాలుగైదు సార్లు ఆడించండి. ఎత్తుగా ఉన్నవి మెరుస్తాయి, పల్లంగా ఉన్నవి మెరవవు. అన్నీ సమంగా మెరిసేదాకా చేస్తే తర్వాత రోలర్ పని సులువు.

రెండో ఎపాక్సీ కోటు రాత్రంతా ఆరాక 400 వాటర్ పేపర్‌తో రుద్దండి. ప్రైమర్ రంగు ఎంచుకునే వీలుంటే పసుపు వన్నె తీసుకోండి. గోల్డ్ తక్కువ కోట్లలో కప్పుతుంది, ఎక్కడైనా పలచబడ్డా తెలియదు.

7. రంగు పడకూడని చోట్లు

- యాగ్రాఫ్ మరలు: పాత యాగ్రాఫ్‌లు గానీ, చుట్టిన స్పాంజి గానీ బిగించి మూయాలి. మరలో రంగు పడితే యాగ్రాఫ్ మధ్యలోనే బిగుసుకుని మెడ దగ్గర విరుగుతుంది.
- కాపో బార్ (ఎత్తు స్వరాల తీగల మీదుగా వెళ్ళే ప్లేటు కడ్డీ) కింది అంచు: తీగ తాకే గీత నగ్నంగా, నునుపుగా ఉండాలి. రంగు ఉంటే ఎత్తు స్వరాలు గరగరలాడతాయి.
- హిచ్ పిన్నులు: సన్నటి రబ్బరు గొట్టం ముక్కలు తొడగండి.
- పిన్ బ్లాక్‌ని తాకే ప్లేటు అంచు, స్క్రూ తలలు కూర్చునే పళ్ళాలు
- డూప్లెక్స్ ముక్కలు ఆనే చోట్లు

ట్యూనింగ్ పిన్నుల రంధ్రాల్లోని పాత చెక్క బుషింగులు (పిన్ను చుట్టూ ఉండే చెక్క గొట్టాలు) ఇప్పుడే కొట్టి తీసెయ్యండి. రంధ్రాలని మూయనక్కర్లేదు.

8. గోల్డ్ పూత

బ్రాంజ్ పౌడర్ అని అమ్మేది రాగి, జింకు కలిసిన సన్నటి రేకుల పొడి. జింకు పెరిగేకొద్దీ లేత పసుపు, రాగి పెరిగేకొద్దీ ఎర్రదనం. పేల్ గోల్డ్, రిచ్ గోల్డ్ చెరికాస్త తెచ్చుకుని, ఫెల్టు కింది పట్టీతో సరిపోయేదాకా కలిపి చూడండి.

పొడి పాళ్ళు: లీటరు పలచన చేసిన లాకర్‌కి 80–100 గ్రాములతో మొదలుపెట్టి, ప్రైమర్ వేసిన రేకు ముక్క మీద పరీక్షించండి. రెండు కోట్లలో ప్రైమర్ కనపడకుండా కప్పితే చాలు. పొడి మరీ ఎక్కువైతే పట్టి ఉంచే లాకర్ తగ్గి, ఆరాక వేలికి గోల్డ్ అంటుకుంటుంది.

ఆ రోజుకి కావాల్సినంతే కలపండి. లాకర్‌లోని ఆమ్లం రాగితో కలిసి కొద్ది రోజుల్లో ఆకుపచ్చ ఛాయ తెస్తుంది, డబ్బా అడుగున జిగురు కడుతుంది. నిన్నటి డబ్బా మూత తియ్యగానే అంచు చుట్టూ సన్నటి ఆకుపచ్చ వలయం కనిపిస్తే పారబోయండి. అది ప్లేటు మీద పడ్డాక దిద్దుకోలేరు.

పొడి తూచేటప్పుడూ మాస్కు తప్పనిసరి. దగ్గర్లో మంట, స్విచ్చి నిప్పురవ్వలు ఉండకూడదు. ఎన్‌సీ లాకర్ ఆవిరి క్షణంలో అంటుకుంటుంది. వాడిన గుడ్డలు నీళ్ళ బకెట్లో వెయ్యండి.

స్ప్రే చేసే వరుస:

1. వడకట్టి గన్‌లో పొయ్యండి. గాలి 30–35 పీఎస్‌ఐ.
2. ముందు అంచులు, రంధ్రాల గోడలు, కడ్డీల పక్కలు.
3. తర్వాత పై ముఖం: 15–20 సెంటీమీటర్ల దూరంలో, ఒక చాలు సగం మీదుగా ఇంకో చాలు. మొదటి కోటు నిలువుగా, రెండోది అడ్డంగా.
4. ఐదు నిమిషాలకోసారి గన్ ఊపండి. రేకులు బరువైనవి, అడుక్కి దిగుతాయి.
5. ఆఖర్న 30 సెంటీమీటర్ల దూరం నుంచి, పలచగా, పొడిపొడిగా ఒక తుంపర కోటు. మచ్చలు, చారలు సమమయ్యేది దీంతోనే.

గోల్డ్ పొరని రుద్దకండి. పేపర్ తగిలితే రేకులు తెగి నల్లటి మచ్చ పడుతుంది. దుమ్ము పడితే ఆరాక వేలిగోరుతో తీసి, ఆ చోట ఇంకో తుంపర కొట్టండి.

9. మొదటి క్లియర్

గోల్డ్ ఒక గంట ఆరాక గ్లాస్ (మెరిసే రకం) క్లియర్ ఎన్‌సీ రెండు పలుచటి కోట్లు. మ్యాట్ (మెరవని రకం) ఇప్పుడే వాడకండి: గరుకు ముఖం మీద నలుపు తుడిస్తే సందుల్లో మరక మిగులుతుంది.

వానాకాలంలో గాల్లో తేమ 75 శాతం దాటితే లాకర్ ఆరుతూ తెల్లగా పాలిపోతుంది. థిన్నర్ త్వరగా ఆవిరై ఉపరితలం చల్లబడి తేమ దిగడమే కారణం. థిన్నర్‌లో 5–10 శాతం రిటార్డర్ కలపండి. అప్పటికీ తెల్లబడితే ఆ రోజు పని ఆపండి. మర్నాడు పొడి వేళ ఉత్త రిటార్డర్ థిన్నర్‌ని సన్నటి తుంపరగా కొడితే చాలావరకు తెల్లదనం పోతుంది.

కనీసం 48 గంటలు ఆరనివ్వండి.

10. అక్షరాలు

ఇక్కడికి వచ్చేసరికి పొరల లెక్క పని చేస్తుంది. కింద ఉన్నది ఎన్‌సీ. అది థిన్నర్‌కి కరుగుతుంది కానీ టర్పెంటైన్‌కి కరగదు. పైన వేసేది నూనె జాతి ఎనామెల్. పచ్చిగా ఉన్నంతసేపు టర్పెంటైన్‌తో తుడిస్తే పూర్తిగా వచ్చేస్తుంది. అంటే నచ్చేదాకా రాసి, చెరిపి, మళ్ళీ రాయొచ్చు. బల్ల మీద మాత్రం ఎన్‌సీ థిన్నర్ డబ్బా ఉంచకండి, ఒక్క గుడ్డ తారుమారైతే గోల్డ్ దాకా గుంట పడుతుంది.

రోలర్ పద్ధతి. అక్షరాల తలలు ఒకే మట్టంలో ఉంటే ఇదే ఉత్తమం. గాజు పలక మీద అర చెంచా ఎనామెల్ వేసి, రోలర్‌ని అటూఇటూ తిప్పి పలచగా పరవండి. రోలర్ తిరుగుతుంటే సన్నగా చిటచిట వినిపించాలి. నిశ్శబ్దంగా జారుతోందంటే రంగు ఎక్కువైంది. అప్పుడు ఒత్తకుండా, రోలర్ బరువుతోనే అక్షరాల మీద ఒకే దిక్కుకి నడపండి. రెండు పలుచటి దఫాలు, మధ్యలో నాలుగైదు గంటలు. ఒక్క దఫాలో కప్పాలని చూస్తే నలుపు అక్షరం గోడల మీదుగా కారుతుంది.

బ్రష్షు పద్ధతి. ఎగుడుదిగుడు అక్షరాలకి, పెద్ద పేరు చుట్టూ చిన్న పేటెంటు అక్షరాలకి ఇదే గతి. ఎనామెల్‌ని నాలుగైదు చుక్కల టర్పెంటైన్‌తో పలచన చెయ్యండి, చుక్క గాజు మీద వాల్చితే మెల్లగా సాగాలి, పరుగెత్తకూడదు. బ్రష్షు మొనతో కాదు, పక్కతో రాయాలి. జుట్టు అక్షరం ముఖం మీద పడుకుంటే అంచు దగ్గర అదే ఆగుతుంది.

ఎస్ అక్షరం చూడండి. పై కొస నుంచి మొదలుపెట్టి కింది దాకా ఒక్క ఊపులో లాగితే రెండు లోపలి వంపుల్లోనూ నలుపు మడుగు కడుతుంది. నడుమ నుంచి మొదలుపెట్టి పైకి ఒకసారి, మళ్ళీ నడుమ నుంచి కిందికి ఒకసారి లాగండి. రంగు ఎక్కువగా ఉన్న బ్రష్షు వెడల్పు భాగం మీద ఖాళీ అవుతుంది, వంపు దగ్గరికి వచ్చేసరికి పొడిబారి ఉంటుంది. మడుగు కట్టడానికి రంగే మిగలదు.

పై వరుస నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి రండి. చెయ్యి ఆన్చడానికి బోర్డులు రాసేవాళ్ళు వాడే చేతికర్ర ఉండాలి. నిజానికి మీ ఊళ్ళో చేత్తో బోర్డులు రాసే పెయింటరు ఇంకా ఉంటే ఈ ఒక్క దశ ఆయనకి అప్పగించండి. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్ళకి పని తగ్గింది కానీ ఆ చేతికి ఉన్న నిదానం మీకూ మాకూ రాదు.

అంచులు శుభ్రం. రాసిన పది పదిహేను నిమిషాల్లోపు చెయ్యాలి. ఐస్‌క్రీం పుల్లకి పాత బనియను గుడ్డ ఒకే మడత చుట్టి, టర్పెంటైన్‌లో ముంచి, గట్టిగా పిండండి. గుడ్డ తడిగా కాదు, చెమ్మగా ఉండాలి. అక్షరం గోడ వెంబడి ఒకసారి లాగి, గుడ్డ తిప్పి కొత్త చోటుతో ఇంకోసారి. అదే చోటుతో మళ్ళీ తుడిస్తే నలుపు గోల్డ్ మీద పొగలా పరుచుకుంటుంది.

ఉబ్బెత్తు లేని చోట. సీరియల్ నంబరు, చిన్న ముద్రలు చదునుగా ఉంటాయి. మీరు తీసిన ట్రేసింగ్‌తో అదే కొలతకి నీటి డెకాల్ (నీళ్ళలో నానబెట్టి అతికించే అచ్చు) వేయించండి, లేదా స్టెన్సిల్ కోయించండి. డెకాల్ కింద మెరిసే నున్నటి ముఖం ఉంటేనే పారదర్శక భాగం కనపడకుండా కలిసిపోతుంది. గరుకు మీద పెడితే గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. అంకెలు మార్చడం, లేని కంపెనీ పేరు పెట్టడం చెయ్యకండి, కొనేవాడిని మోసం చేసినట్టే.

11. చివరి క్లియర్

తొందరపడితే మొత్తం పాడయ్యేది ఇక్కడే. కింద నూనె ఎనామెల్, పైన ఎన్‌సీ అంటే రెడ్ ఆక్సైడ్ దగ్గర చెప్పిన శత్రుత్వమే. తడిగా లాకర్ పడితే అక్షరాలు ముడతలు పడతాయి.

- అక్షరాలు కనీసం పది రోజులు ఆరాలి, చలికాలంలో రెండు వారాలు.
- అదే ఎనామెల్ రాసిన రేకు ముక్క మీద ముందు పరీక్ష చెయ్యండి.
- మొదటి రెండు కోట్లు 30 సెంటీమీటర్ల దూరం నుంచి దుమ్ములా. ఒక్కోదానికి మధ్య అరగంట.
- తర్వాత మామూలు కోట్లు రెండు. మెరుపు తక్కువగా ఉండే సెమీ-గ్లాస్ గానీ శాటిన్ గానీ ఇక్కడే.
- డెకాల్‌కీ ఇదే వరుస.

ఎన్‌సీ తన మీద తనే కరిగి కలిసిపోతుంది. కోట్ల మధ్య రుద్దనక్కర్లేదు, అక్షరాల మీద అసలు రుద్దకూడదు. పరీక్ష ముక్క ముడత పడిందంటే అక్షరాలున్న భాగాన్ని కప్పి, మిగతా చోటే క్లియర్ వెయ్యండి. ఎనామెల్ తనకి తానే చాలా ఏళ్ళు నిలుస్తుంది.

12. తరచూ వచ్చే లోపాలు, మందులు

గోల్డ్‌లో మబ్బులు, చారలు. తడిగా, దగ్గరగా కొట్టారు, రేకులు ఈదుతూ ఒకచోట చేరాయి. ఆరాక తుంపర కోటు వెయ్యండి.

చేపకన్ను గుంటలు. నూనె లేదా సిలికాన్ మిగిలింది. కంప్రెసర్ నుంచి నూనె వస్తోందేమో తెల్ల కాగితం మీద గాలి కొట్టి చూడండి. పూత తీసి, థిన్నర్‌తో కడిగి, మళ్ళీ వెయ్యడం తప్ప దారి లేదు.

రంధ్రాల అంచుల్లో పెచ్చులు. కొత్త బుషింగ్ కొట్టేటప్పుడు వస్తుంది. ముందే కర్రకి 220 పేపర్ చుట్టి, పై నుంచి కిందికి మాత్రమే తోస్తూ రంధ్రం లోపలి రంగు తీసెయ్యండి. పైకి లాగితే పూత లేస్తుంది.

ఫెల్టు అచ్చు పడటం. పూత ఇంకా మెత్తగా ఉంది. చివరి కోటు తర్వాత రెండు వారాలు ఆగండి. ఫెల్టుకి నీటితో చేసిన జిగురే వాడాలి, కాంటాక్ట్ జిగురులోని ద్రావకం లాకర్‌ని తింటుంది.

13. తిరిగి దించే ముందు

- మాస్కింగ్ టేపులు అన్నీ తీశారా? అంచు దగ్గర బ్లేడుతో గీసి, వెనక్కి మడిచి పీకండి.
- ప్రతి యాగ్రాఫ్ చేత్తో చివరి దాకా దిగుతోందా? పట్టేస్తే ఆ పియానో మర కొలతకే సరిపోయే ట్యాప్‌తో (మర కోసే పనిముట్టుతో) శుభ్రం చెయ్యండి. మర కొలత కంపెనీకో తీరు, ఊహించి ట్యాప్ పెడితే మర చెడుతుంది.
- కాపో బార్ అంచుని 400, తర్వాత 600 పేపర్ పట్టీతో నునుపు చేశారా?
- స్క్రూ పళ్ళాలు, పిన్ బ్లాక్ తాకే అంచు ఉత్త ఇనుమేనా? మధ్యలో రంగు ఉంటే శ్రుతి ఒత్తిడికి అది నలిగి స్క్రూలు వదులవుతాయి.
- దించాక కొలతలన్నీ పాత కాగితంతో సరిపోయాయా? ఆ తర్వాతే నోస్ బోల్టు నట్లు.

అప్‌రైట్ పియానోలో ప్లేటు వెనక చట్రానికి, పిన్ బ్లాక్‌కి గట్టిగా బిగించి ఉంటుంది. దాన్ని తియ్యాలంటే ముందు పియానోని వెల్లకిలా పడుకోబెట్టాలి, నిలబడి ఉండగా స్క్రూలు విప్పకూడదు. సౌండ్‌బోర్డు బాగుంటే అప్‌రైట్‌కి మాత్రం ప్లేటు లోపలే ఉంచి వెయ్యడంలో తప్పు లేదు. పైన చాలాభాగం యాక్షన్ వెనక దాగుతుంది. అప్పుడు సౌండ్‌బోర్డు, బ్రిడ్జిలు మొత్తం కాగితం, టేపుతో మూసి, పడుకోబెట్టే స్ప్రే చెయ్యండి.

తీగలు ఎక్కించేటప్పుడు ఎక్కడో ఒకచోట సుత్తి దెబ్బ తగిలి చిన్న పెచ్చు ఊడుతుంది. దానికోసం గోల్డ్ పొడిని విడిగా, పొడిగానే రెండు చెంచాలు చిన్న సీసాలో మూత బిగించి దాచండి. అవసరమైన రోజు నాలుగు చుక్కల క్లియర్‌తో కలిపి, సన్న బ్రష్షుతో అద్ది, ఆరాక క్లియర్ చుక్క పెడితే ఆ మచ్చ కనపడదు.